ఇసుకలో తడి

మనిషి కాలు కాలుతుంటే మేనేజరు ముందు మీటరు దగ్గరికి నడిచాడు.

పోత షెడ్డులో ఉన్నవాళ్ళంతా అది చూశారు. కరిగిన ఇనుము ఇసుక అచ్చులోకి దిగుతోంది. లోపల గుడగుడమన్నది. మరుక్షణం ఇసుకలోని తడి ఆవిరై, బయటికి దారి దొరక్క, ఇనుమును పైకి చిమ్మింది. పోస్తున్న మనిషి మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. తోటివాళ్ళు అతన్ని అవతలికి ఈడ్చి, ప్యాంటు కత్తిరించి, ఊడిన తలుపు రెక్క మీద పడుకోబెట్టి గేటు వైపు పరుగెత్తారు.

మేనేజరు వాళ్ళను దాటుకుని వెళ్ళి లాబ్ అమ్మాయి ముందు ఆగాడు.

"పొద్దున ఇసుకలో తడి ఎంత చూపించింది?"

"మూడున్నర శాతం, సార్."

"ఎంత దాటకూడదు?"

"నాలుగు."

"విన్నారుగా," అన్నాడతను అందరికీ వినబడేలా. "ఇసుక సరిగ్గానే ఉంది. వాడే అచ్చు మీద నీళ్ళు ఒలకబోసుకున్నాడు. దానికి ఫ్యాక్టరీ ఏం చేస్తుంది?"

ఆమె తల వంచి మీటరుకంటిన ఇసుక తుడిచింది. కాలినవాడు ఆమె అక్క మొగుడు.

షెడ్డులో ఆమెను అందరూ మీటరమ్మ అంటారు. రెండు ముళ్ళున్న మీటరును ఇసుకలో గుచ్చి అంకె చెప్పడం ఆమె పని. ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో అక్క ఆమెను తిట్టలేదు. ఏడవనూ లేదు.

"తప్పు మీ బావదేనట. పనిలోంచి తీసేశారు. నువ్వు చెప్పిన అంకె చూపించే తీసేశారటగా," అంది. అని, గోడ వైపు తిరిగి కూర్చుంది.

మర్నాడు భోజనాల వేళ, అచ్చులు కట్టేవాళ్ళు చేతులు కడుక్కునే రేకుల పందిట్లోకి మీటరమ్మ వెళ్ళింది. చేతిలో పళ్ళెం. పళ్ళెంలో మూడు మగ్గులు, వాటిలో ఇసుక.

"రా తల్లీ రా," అన్నాడు క్రేన్ డ్రైవరు. "మా కళ్ళల్లో తడెంతో కొలుద్దామనా?"

నలుగురు నవ్వారు.

"మీటరు తప్పు చెబుతోంది," అందామె.

నవ్వులు ఆగిపోయాయి. ఫర్నేసు మనిషి తింటున్న డబ్బా కింద పెట్టాడు. "ఆ ముక్క నిన్న చెప్పాల్సింది."

"చెప్పాల్సింది. చెప్పలేదు. తర్వాత కొట్టినా పడతాను, ముందు వినండన్నా."

ఆమె చెప్పింది. మీటరు ఇసుకను తూచదు. ఇసుకలోంచి కరెంటు ఎంత పారుతుందో చూసి, తడి ఇంత ఉండొచ్చని లెక్క కడుతుంది. ఆ లెక్క పాత ఇసుకకు కుదిర్చినది. ఇప్పుడు కొత్త కాంట్రాక్టరు చవగ్గా తోలుతున్న ఇసుక సన్నం, అందులో కలిసిన మట్టి వేరు. దీనికి మీటరును మళ్ళీ కుదర్చాలి. కాస్త ఇసుక తీసి తూచాలి, ఆరబెట్టాలి, మళ్ళీ తూచాలి. తగ్గిన బరువే తడి. ఈ సంగతి ఇంజనీరుకు తెలుసు, మేనేజరుకూ తెలుసు. ఆమే ఇద్దరికీ గుర్తు చేసింది. పూట పని ఆగుతుంది, తర్వాత చూద్దాంలే అన్నారు.

"అంటే తెలిసే పోయించారా?"

"తెలిసే."

పిడికిలి తాత లేచాడు. అచ్చులు కట్టడంలో అందరికన్నా పెద్దవాడు. గుప్పెడు ఇసుక పిసికి, ముద్దను విరిచి, విరిగిన అంచు చూసి తడి చెప్పేవాడు. మీటరు వచ్చాక ఆ పద్ధతి మానిపించారు. ఆ కడుపుమంట ఆయనకింకా చల్లారలేదు.

"నేను మొత్తుకుంటే విన్నార్రా? ఆ డబ్బాను పెంటకుప్పలో పారేయండి. చెయ్యి అబద్ధమాడదు."

మీటరమ్మ మూడు మగ్గులూ ఆయన ముందు పెట్టింది. "ఇది కొత్త ఇసుకే తాతా. పూర్తిగా ఆరబెట్టి, తూచి నీళ్ళు కలిపాను. అచ్చుకు పనికొచ్చేదేదో చెప్పు."

తాత పిసికాడు. విరిచాడు. నడిమి మగ్గు చూపించాడు. ఇంకో ఇద్దరు చివరిది అన్నారు. ఒకడు మూడూ ఒకటే అన్నాడు.

"నువ్వు కొలిచింది నీ అరచేతి చెమటరా."

"నీ చెయ్యి ఎప్పుడు ఆరింది గనక?"

పందిరి సంతలా తయారైంది. మీటరమ్మ గొంతు పెంచలేదు. "తాతా, నువ్వు చూపించింది మూడింట్లోకీ తడిది. దాంట్లో పోస్తే బావ పక్క మంచం నీదే."

తాత గుప్పిట్లోని ముద్దను మగ్గులోకి రాల్చాడు. "నా చెయ్యి చదువుకున్నదీ పాత ఇసుక దగ్గరేనమ్మా," అన్నాడు. "ఈ ఇసుక దానికీ కొత్తే."

"బాగుంది," అన్నాడు క్రేన్ డ్రైవరు. "చేతినీ నమ్మొద్దు, మీటర్నీ నమ్మొద్దు. ఇంకెవర్ని నమ్మాలి?"

"తక్కెడను."

"అది లాబ్‌లో ఉంది. మేం అందులో అడుగు పెట్టకూడదు."

"మీరు పెట్టొద్దు. తక్కెడే బయటికొస్తుంది."

"తెలియక కాదురా మనం కాలుతున్నది," అన్నాడు ఫర్నేసు మనిషి. "ఆపండి అని చెప్పే హక్కు మన చేతుల్లో లేక."

మూలనున్నవాడొకడు గొణిగాడు. "పిల్లలు గలవాణ్ణి. పోత ఆపితే గేటు బయటుంటాం."

"ఆపకపోయినా గేటు బయటికే," అన్నాడు తాత. "నడిచి పోతావో, తలుపు రెక్క మీద పోతావో తేల్చుకో."

తూచందే పొయ్యం. ఆ రెండు మాటల మీదే అందరూ లేచారు.

మధ్యాహ్నం ఫర్నేసులో ఇనుము తెల్లగా మరుగుతోంది. క్రేన్ కొక్కెం గాల్లో ఆగిపోయింది. అచ్చుల మధ్య బల్ల వేశారు; మీటరమ్మ లాబ్‌లోంచి తక్కెడా, ఇసుక ఆరబెట్టే కరెంటు దీపమూ తెచ్చి పెట్టింది. మేనేజరు వచ్చేసరికి మీటరమ్మ అచ్చులో మీటరు గుచ్చి అంకె అందరికీ చూపిస్తోంది. మూడున్నర. అదే అచ్చు ఇసుక వంద గ్రాములు తూచి దీపం కింద పెట్టింది. ఆరింది. తూచింది. మళ్ళీ ఆరబెట్టింది, బరువు ఇక తగ్గదని తేలేదాకా.

"ఆరు దాటింది," అందామె.

"లాబ్ సామాను ఎత్తుకొచ్చావు. దొంగతనం కేసు పెట్టిస్తాను."

"పెట్టించండి సార్. అంకె మాత్రం మారదు."

మేనేజరు మిగతావాళ్ళ వైపు తిరిగాడు. "పోస్తారా లేదా?"

ఎవరూ కదల్లేదు. తాత మేనేజరు వెనక నిలబడ్డ ఇంజనీరును అడిగాడు. "మీరు చెప్పండి బాబూ. ఆ అచ్చులో పోయొచ్చా?"

"నా చేతుల్లో ఏముంది?" అన్నాడు ఇంజనీరు నేల చూస్తూ.

"మీ చేతుల్లో లేనిది మా కాళ్ళ మీదికెలా వస్తోంది?"

తాత సుత్తి తీసుకుని, తాను కట్టిన అచ్చును తానే పగలగొట్టాడు. పక్కవాడు తనది పగలగొట్టాడు. పిల్లలు గలవాడూ పగలగొట్టాడు. చెమ్మ ముద్దలు షెడ్డంతా దొర్లాయి. ఫర్నేసు మనిషి కరిగిన ఇనుమును పొడి ఇనుప మూసల్లోకి దిమ్మెలుగా వంచేశాడు. ఆ పూట ఒక్క చుక్క ఇసుకను తాకలేదు.

పోలీసులు వచ్చి తాతనూ మీటరమ్మనూ జీపెక్కించారు. సాక్ష్యమని తక్కెడా దీపమూ ఆమె ఒళ్ళో పెట్టారు. గేటు దగ్గర జీపు ఆగింది. ఎదురుగా లారీ. నిండా కూలీలు. మేనేజరు కబురు పెడితే పోత పొయ్యడానికి కూలీల కాంట్రాక్టరు తోలిన ముఠా.

ముఠా మేస్త్రి దిగి జీపులోకి తొంగి చూశాడు. "ఏం చేసిందండీ ఈ పిల్ల?"

"తక్కెడ దొంగతనం," అన్నాడు కానిస్టేబులు.

"ఇసుక తూచామన్నా," అంది మీటరమ్మ. "తడి ఆరు శాతం పైనుంది. నాలుగు దాటితే చిమ్ముతుంది. నిన్న మా బావ కాలు కాలింది. లోపల అచ్చులన్నీ పగలగొట్టాం. ఆ ఇసుకతోనే మళ్ళీ కట్టించి మీతో పోయిస్తారు."

మేస్త్రి లారీ వైపు చూశాడు. పైనున్నవాళ్ళు ఒక్కొక్కరే దిగుతున్నారు. గార్డు వచ్చి లోపలికి పదండని తొందరపెట్టాడు.

"పోస్తామయ్యా, పోసే బతుకుతున్నాం," అన్నాడు మేస్త్రి. "ముందు మా కళ్ళెదుట తూచండి."

"తక్కెడ స్టేషనుకు పోతోంది," అన్నాడు గార్డు.

"అయితే జీపు కదలదు."

ముఠా జీపు ముందు బైఠాయించింది. వెనక పోత షెడ్డులోంచి మిగతావాళ్ళంతా నడిచి వస్తున్నారు. కానిస్టేబులు అటూ ఇటూ చూసి లాఠీ తీశాడు. ఎక్కడ మొదలుపెట్టాలో అతనికి తెలియలేదు.

మీటరమ్మ జీపు దిగి తక్కెడను బానెట్ మీద పెట్టింది. మేస్త్రి గార్డు గదిలోకి వెళ్ళాడు; ఆమె దీపం తీగను కిటికీలోంచి అతని చేతికందించింది.

"లోపల ప్లగ్గుంది, పెట్టన్నా," అంది. "తాతా, ఇసుక తెప్పించు."