అమావాస్య పోటు

మాచర్ల రైలు దారికి కొంచెం ఎడంగా, నాపరాతి గనుల నడుమ ఉన్న ఆ ఊళ్ళో అమావాస్యకూ పున్నమికీ ఆడవాళ్ళు ముందే చాపలు చుట్టి అటకెక్కించేవాళ్ళు. జొన్నల బస్తాలు మంచాల మీదికి చేరేవి. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఇంటి నేలలో పరిచిన నాపరాళ్ళ సందుల్లోంచి ఉప్పునీళ్ళు ఊరేవి. కాసేపట్లో చీలమండల దాకా అలలు ఆడేవి. ఆ రాళ్ళు రాళ్ళు కాకముందు అక్కడున్న సముద్రం అది. పోటు దిగాక ఆదెమ్మ నీళ్ళను వాకిట్లోకి ఊడ్చి, గోడకు పట్టిన ఉప్పు గీకి చింతకాయ తొక్కులోకి దాచుకునేది.

"ఈ తడవ చేదుగా ఉందే," అనేది కోడలితో. అంతే.

ఆదెమ్మ కొడుకు శౌరి గనిలో రాళ్ళు చీల్చేవాడు. యుద్ధం వచ్చాక మద్రాసు పోయి ఓడ పనిలో చేరాడు. రంగూను దారిలో ఆ ఓడ మునిగిపోయిందని కబురొచ్చింది. శవం రాలేదు. యుద్ధం అయిపోయినా ఆదెమ్మ కొడుక్కి సమాధి కట్టనివ్వలేదు. పోటు వచ్చినప్పుడల్లా లోపలి గది గడప మీద కూర్చుని నీళ్ళకేసి చూసేది.

శౌరి భార్య కృపామణి మిషన్ బళ్ళో పంతులమ్మ. ఒకనాడు బల్ల మీద లాంతరు వెలిగించి, చేతిలో నిమ్మకాయ పట్టుకుని పిల్లలకు సూర్యచంద్రుల పాఠం చెప్తోంది.

"అమావాస్యకి చంద్రుడు ఎక్కడికి పోతాడు పంతులమ్మగారూ?" అంది పున్నమ్మ అనే పిల్ల.

"ఎక్కడికీ పోడు. పగలంతా సూర్యుడి పక్కనే ఉంటాడు. వెలుగు పడే ముఖం అటు, చీకటి వీపు మనకు. అందుకని కనపడడు. ఇద్దరూ ఒక్క వైపు నుంచే లాగుతారు గనకే ఆ రోజు పోటు ఎక్కువ."

"మరి మన సముద్రంలో చేపలు రావేం?"

"అప్పటికి చేప పుట్టలేదమ్మా. గవ్వ కూడా పుట్టలేదు. నాచు తప్ప ఏమీ లేదు. అడుగున బురద పొర మీద పొర పేరుకుని, గట్టిపడి నాపరాయి అయింది. ఎంత చీల్చినా ఇందులో ఎముక ముక్క దొరకదు."

పున్నమ్మ ఆలోచించింది. "అయితే అందులో ఎవరూ మునిగి చావలేదన్నమాట."

కృపామణి లాంతరు ఆర్పేసింది.

ఆ వేసవిలో బడి పెద్ద అబ్రహాముగారు ఆమెను పిలిచి, నరసరావుపేటలో ట్రెయినింగుకి సీటు ఇప్పిస్తానన్నాడు. పై తరగతులు చెప్పొచ్చు, హాస్టలు కూడా ఉంది. ఇంటికొచ్చి చెప్తే ఆదెమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు.

"వాడొచ్చేసరికి ఇంట్లో పెళ్ళాం లేకపోతే నేనేం చెప్పుకోవాలే?"

"అత్తా, ఆయన రాడు. ఇది ఆయన మునిగిన సముద్రం కాదు. మనుషులనే వాళ్ళు లేనప్పటిది."

"కనపడనోడు లేనట్టు కాదని పిల్లలకు నువ్వే చెప్తివంట గదా. చంద్రుడికో మాట, నా కొడుక్కో మాటా?"

కృపామణి బిందె ఎత్తుకుని నీళ్ళకు బయల్దేరింది. పోనని అబ్రహాముగారికి చెప్పేద్దామని ఆ పూటే అనుకుంది.

మర్నాడు అమావాస్య. ఆ నెల చంద్రుడు భూమికి బాగా దగ్గరగా వచ్చాడు. మిట్టమధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతుండగా ఇంట్లో నీళ్ళు మోకాళ్ళ దాకా లేచాయి. ఎప్పుడూ అంత రాలేదు. ఆదెమ్మ గడప మీద నిలబడి కొడుకుని పేరు పెట్టి పిలిచింది.

లోపలి గదిలో ఎవరో నీళ్ళలో నడుస్తున్న చప్పుడయింది.

మనిషి లేడు. నీళ్ళు మాత్రం రెండుగా చీలుతూ గది మధ్య నుంచి వస్తున్నాయి. ఆదెమ్మ చేతులు చాచింది. ఆ చీలిక ఆమెను దాటి ముందుకొచ్చింది. కృపామణి గోడకు వీపానించి నిలబడిపోయింది. ఆమె ఎదుటికొచ్చి అది ఆగింది. మోకాళ్ళ దగ్గర నీళ్ళు చల్లబడ్డాయి.

"నువ్వేనా?" అంది.

అలలు ఆగిపోయాయి. ఆమె కళ్ళు మూసుకుంది. ఎదుట ఎవరో ఊపిరి బిగబట్టి చూస్తున్నట్టే ఉంది. పోటు తిరిగేదాకా అది కదల్లేదు.

నీళ్ళు ఇంకిపోయాక చూస్తే నాపరాళ్ళ మీద అడుగులున్నాయి. లోపలి గది మధ్యలో మొదలై, కృపామణి నిలబడ్డ చోట లోతుగా దిగి, వీధి తలుపు వైపు పోయాయి. పక్కింటి రాళ్ళ పనివాడు దానయ్య వచ్చి వేళ్ళతో తడిమాడు.

"ఉలి పెట్టి కొట్టినవి కావు వదినా. రాయి మెత్తగా ఉన్నప్పుడు పడ్డవే."

రాయి మెత్తగా ఉన్నప్పుడు అంటే ఎప్పుడో కృపామణికి తెలుసు.

ఎడమ పాదానికి చిటికెన వేలు లేదు. గనిలో గునపం పడి శౌరికి తెగిపోయిన వేలు అది. ఆదెమ్మ ఆ చోటు మీద అరచెయ్యి పెట్టి చానాసేపు కూర్చుంది.

"నా పక్కనుంచే పోయాడే," అంది చివరికి. "పిలిచింది నేను. నీ ముందర నిలబడ్డాడు. అంతసేపు నిలబడి, పోయాడు."

"అత్తా..."

"ఏడవమాకు. చెప్పి పోవడానికే వచ్చాడు. ఇంకెవరి కోసం కూర్చుంటావ్ ఈ కొంపలో? పేటకి పో."

"నువ్వో?"

"నాకేంది? నాకు చెప్పలేదుగా. నేనుంటా."

అబ్రహాముగారు కబురంపిన రోజున కృపామణి ట్రంకుపెట్టె దానయ్య నెత్తిన పెట్టి ముందు పంపించింది. ఆదెమ్మ కోడలి నుదుట సిలువ గుర్తు వేసి, లోపలికి వెళ్ళి అడుగుల పక్కన పడుకుంది. మళ్ళీ లేచి చూడలేదు.

కృపామణి చెప్పులు చేత పట్టుకుని, ఆ పెద్ద పాదాల గుంటల్లో తన పాదాలు ఒక్కొక్కటే పెడుతూ నడిచింది. గడప దాటింది, అరుగు దిగింది. వాకిట్లో పరిచిన నాపరాయి అయిపోయిన చోట ఆ అడుగులు జంటగా ఆగిపోయాయి. ఆ రెంటిలో తన రెండు పాదాలూ ఉంచి ఆమె కాసేపు నిలబడింది. రాయి అక్కడ మాత్రం వెచ్చగా ఉంది.

తర్వాత మట్టి మీద కాలు పెట్టింది.