నలభై రోజుల పచ్చ గుర్తులు

నలభై రోజులుగా ఒక్క పరీక్షా తప్పలేదు. తెర నిండా పచ్చ గుర్తులే. ఆఫీసులో అందరూ మురిసిపోతున్నారు గానీ, ఉద్యోగం ఇంకా ఖాయం కాని కొత్తమ్మాయికి మాత్రం మనసు కుదురుగా లేదు.

వాళ్ల సాఫ్ట్‌వేర్ ఆసుపత్రి రికార్డులను ఒకేసారి రెండు డిస్కుల్లో రాస్తుంది. ఒకటి చెడితే రెండోది ఆదుకోవాలి. పరీక్షలకు నిజం డిస్కులు వాడరు. కంప్యూటర్లో ఒక్కో పెద్ద ఫైలు పెట్టి, అదే డిస్కని సాఫ్ట్‌వేర్‌ని నమ్మిస్తారు. ఆ ఉత్తుత్తి డిస్కుల బాధ్యత ఆమె పైఅధికారి పెద్దసారుది. పరీక్షలు నడిపేది కొత్తమ్మాయి. సాయంత్రంలోగా ఆమె సంతకం పెడితే సాఫ్ట్‌వేర్ ఆసుపత్రికి వెళ్తుంది, శుక్రవారం ఆమె ఉద్యోగం ఖాయమవుతుంది.

"ఇంకా ఏం చూస్తున్నావమ్మా? అన్నీ పచ్చగానే ఉన్నాయిగా, పెట్టేయ్," అన్నాడు పెద్దసారు, వారంలో మూడోసారి.

ఎందుకింత తొందర? డిస్కులు ఎలా అమర్చారని అడిగితే మాట దాటేస్తాడేం?

టైలరైన వాళ్ల నాన్న, కుట్టును రెండు చేతులా లాగి చూడనిదే చొక్కా ఎవరికీ ఇచ్చేవాడు కాదు. పెద్దసారు భోజనానికి వెళ్లగానే ఆమె అదే పని చేసింది. మొదటి డిస్కులో కావాలనే చెత్త రాసింది. రెండోది తెరిచింది. అక్కడా అదే చెత్త!

రెండు డిస్కులకీ ఇచ్చింది ఒకే ఫైలు. తలుపులు రెండు, గది ఒకటే. రెండింట్లోనూ ఒకటే ఉందా అని పరీక్ష ఎన్నిసార్లు పోల్చినా తేడా ఎక్కడినుంచి వస్తుంది?

'దొరికాడు' అనుకుంటూ, రెండో డిస్కుకి ఫైలు పేరిచ్చిన కోడ్ వరస ఎవరు రాశారో చూసింది.

పేరు తనదే. చేరిన రెండో రోజు, "రెండో డిస్కు ఇరుకైపోయింది, పెద్దది పెట్టమ్మా" అని ఆయన చెబితే, పై వరసనే కాపీ చేసి కింద అతికించింది. డిస్కు పేరు మార్చింది. ఫైలు పేరు మార్చలేదు.

నోరు మూసుకుని సంతకం పెడితే అడిగేవాళ్లు లేరు. ఆమె ఫైలు పేరు సరిచేసి, పరీక్ష మళ్లీ నడిపింది. పెద్దసారు తిరిగొచ్చేసరికి తెర ఎర్రబడింది: రెండు డిస్కుల్లో రికార్డులు సరిపోలడం లేదు.

"తప్పు నాదే సార్. సంతకం పెట్టలేను."

"మరి వారం నుంచీ నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నావేం?"

"మీరే చేశారనుకున్నాను సార్."

"బాగుందమ్మా! పని నీది, అనుమానం నామీదా?" కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తెరను చూస్తూ, "కొంచెం కిందకి జరుపు," అన్నాడు.

ఆమె పేరు కింద ఇంకో వరస ఉంది: 'చూశాను, సరిగ్గా ఉంది.' దాని పక్కన ఆయన పేరు.

ఆయనకిది ఇప్పుడే తెలిసిందో, ముందే తెలుసో ఆమెకు అంతుపట్టలేదు.

"రిపోర్టులో ఇద్దరి పేర్లూ రాయి," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.