రెండో నంబరు గుంత

నాకు కోపం ఎక్కువ. గుడుపల్లెలో మా వాళ్ళంతా చిన్నప్పటి నుంచి ఈ మాటే అంటారు, నేనూ కాదనను. కానీ ఆ మంగళవారం మదనపల్లె అద్దకం వీధిలో నాకు వచ్చిన కోపం మాత్రం న్యాయమైనదే. నా ప్రయోగాన్ని ఒక పెద్దామె చెంబుతో ముంచి వీధంతా పంచిపెట్టింది.

ఆ వీధిలో ఆరు ఇళ్ళవాళ్ళు పట్టునూలుకు రంగు వేస్తారు. మిగిలిన రంగునీళ్ళు కాలువలోకి, కాలువలోంచి వంకలోకి పోయేవి. వంక ఎర్రగా పారుతోందని దిగువ రైతులు మొరపెట్టుకుంటే ఆరు ఇళ్ళకూ నోటీసులొచ్చాయి. మూడు నెలల్లో ఆ నీళ్ళకు ఒక దారి చూపించాలి, లేదా బానల కింద పొయ్యి ఆర్పేయాలి. దారి నా దగ్గర ఉంది. కుప్పంలో మా ల్యాబులో నేను నాలుగేళ్ళుగా పెంచుతున్న సూక్ష్మజీవులు ఆ రంగును విరిచేస్తాయి. అవి నాకు దొరికింది కూడా ఆ వీధి కాలువ బురదలోనే. రంగునీళ్ళలో పుట్టి పెరిగిన వాటికి రంగంటే భయమేమిటి?

ఇంటికొక గుంత తవ్వించి, మూత పెట్టించి, నంబర్లు వేయించాను. ఆ జీవాలు ఉత్త రంగు తిని బతకవు కాబట్టి అన్ని గుంతల్లోనూ రోజూ ఒక బకెట్టు గంజి పోయమన్నాను. గుంతలోని నీళ్ళు పక్కనున్న లోతు తక్కువ తొట్టిలోకి వస్తాయి, అక్కడ రోజంతా గాలి తగలాలి. ఎందుకంటే రంగు పోవడం సగం పనే. విరిగిన ముక్కల్లోనూ విషం ఉంటుంది, గాలి తగిలితే గాని అది పోదు. చివరికి ఆ నీళ్ళలో టమాటా విత్తనాలు నానవేస్తాను. మొలిస్తే పాసు, లేకుంటే ఫెయిలు.

ఇదంతా పనిచేస్తోందని నిరూపించాలంటే పోల్చి చూడడానికి కొన్ని గుంతలను జీవాలు వేయకుండా వదిలేయాలి. వాటిని కంట్రోలు అంటాం. చీటీలు వేస్తే ఒకటి, మూడు, ఐదు నంబర్లకు నా జీవాలు వచ్చాయి. రెండు, నాలుగు, ఆరు కంట్రోలు. ప్రతి మంగళవారం ఐదు లీటర్ల క్యాను ఒళ్ళో పెట్టుకుని కుప్పంలో బస్సెక్కి, పుంగనూరులో మారి, మదనపల్లెలో దిగేదాన్ని. క్యానులో మజ్జిగా అని కండక్టరు అడిగితే అలాంటిదే అనేదాన్ని. ఒకటో నంబరు ఇంటి ఇమాంబీకి కూడా అలాగే చెప్పాను, పాలలో తోడు వేసినట్టే అనుకోమ్మా అని. ఆ ఒక్క మాటే నా కొంప ముంచింది.

నెలన్నర పాటు అంతా నేను అనుకున్నట్టే జరిగింది. జీవాలు వేసిన మూడు గుంతల నీళ్ళు తేటపడ్డాయి, మిగతా మూడూ ఎర్రగానే ఉన్నాయి. తర్వాత ఒక మంగళవారం జ్వరమొచ్చి వెళ్ళలేకపోయాను. ఆ పై మంగళవారం వెళ్ళి వీధి చివరి నుంచి మూతలు తీసుకుంటూ వస్తే నాలుగో గుంతా, ఆరో గుంతా తేటగా ఉన్నాయి. ఏమీ వేయని గుంతలు కూడా బాగుపడితే నా జీవాల గొప్పేమిటి? ఇంకో పదకొండు రోజుల్లో నోటీసులిచ్చిన వాళ్ళ కమిటీ తనిఖీకి వస్తుంది. వాళ్ళు నమ్మకపోతే ఆరు ఇళ్ళ పొయ్యిలూ ఆరిపోతాయి.

ఇమాంబీ వసారాలో కూర్చుని నూలు విడదీస్తోంది. అరవై దాటిన మనిషి, చేతులు మోచేతుల దాకా నీలంగా ఉంటాయి. నేను అడగ్గానే ఏమీ దాచకుండా చెప్పేసింది.

"నాలుగో ఇంటి మునెమ్మ బుధారం వచ్చి తోడు అడిగింది, ఇస్తి. ఆరో ఇంటి అక్కమ్మ శుక్రారం అడిగింది. శుక్రారం మీవోళ్ళు తోడు ఇచ్చిపుచ్చుకోరు గదా, శనారం పొద్దున రమ్మని ఇస్తి."

ఎవరికీ ఇవ్వొద్దని నేను చెప్పలేదా అని అరిచాను. ఆమె నూలు పక్కన పెట్టి నన్ను జాలిగా చూసింది.

"తోడు అడిగినోళ్ళకి లేదని యాల చెప్పేది బేటీ? ఇంట్లో పెట్టుకోని లేదంటే మన పాలే ఇరిగిపోతాయి."

వీధిలోకొచ్చి మా గైడు శివకుమార్ సారుకు ఫోను చేసి ఏడ్చినంత పని చేశాను. అంతా విని ఆయన అడిగింది ఒకటే, రెండో నంబరు సంగతేమిటని. కోపంలో ఆ మూత తీయనే లేదు. పరుగున పోయి తీశాను. ఎర్రగా, చిక్కగా, మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, అలాగుంది.

రెండో నంబరు కాంతమ్మది. ఇమాంబీ ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒకటే గోడ. వీధి చివరి అక్కమ్మకు అందిన తోడు గోడ అవతలికి అందలేదంటే కారణం ఆ వీధిలో అందరికీ తెలుసు, నాకు తప్ప. నాలుగేళ్ళ కిందట వానల్లో ఇమాంబీ బానల దగ్గరి నీళ్ళు పొంగి కాంతమ్మ పెరట్లోకి పోయాయి. అక్కడ రేకుల కింద పెళ్ళి చీరకని పరిచిన తెల్ల పట్టునూలంతా గులాబీ రంగైపోయింది. వానకు నేనేం చేస్తానని ఇమాంబీ అంది. ఆ ఒక్క మాటకు కాంతమ్మ మాట్లాడడం మానేసింది.

నేనైతే వాళ్ళ జగడానికి లోలోపల దండం పెట్టుకున్నాను. గంజి అందరిదీ ఒకటే, రంగు ఒకటే, ఎండ ఒకటే. తోడు పుచ్చుకున్న ఇళ్ళు తేటపడ్డాయి, పుచ్చుకోని ఇల్లు పక్కనే ఉండి కూడా ఎర్రగా మిగిలింది. నేను కోరి కట్టినా ఇంత మంచి కంట్రోలు కుదిరేది కాదు. ఇమాంబీ చెప్పిన వారాలన్నీ రాసుకుని, ధైర్యంగా కుప్పం బస్సెక్కాను.

కమిటీ వచ్చే ముందు రోజు మళ్ళీ వెళ్ళేసరికి ఇమాంబీ మనసు కరిగిపోయి ఉంది. వీధికంతా తేటనీళ్ళై కాంతమ్మ ఒక్కదానికే ఎర్రనీళ్ళేమిటి, మనవరాలు హీనాతో ఒక చెంబు పంపుతానంది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు కదా, మొన్న అరిచిన దాన్నే ఇప్పుడు ఆమె చేతులు పట్టుకున్నాను. జగడాలు మానమని బతిమాలేవాళ్ళను చూశాను గానీ, ఇంకొక్క రోజు మానొద్దని బతిమాలింది బహుశా నేనే. ఆమె చివరికి సరేనంది. నాకు సిగ్గేసింది, అయినా వెనక్కి తగ్గలేదు.

కమిటీ మరునాడు సాయంత్రం వచ్చింది. వాళ్ళకు పెద్ద నెత్తి నెరిసిన ఒక ఆవిడ, మాట తక్కువ. గుంతలన్నీ చూసింది, తొట్లలో చెయ్యి ముంచింది, మొలకల పళ్ళేలు చూసింది. అయిదు పళ్ళేల్లో టమాటా విత్తనాలు మొలిచాయి, కాంతమ్మ నీళ్ళ పళ్ళెంలో ఒక్కటీ మొలవలేదు. నేను తడబడకుండా అంతా చెప్పాను, తోడు పంచిన సంగతి కూడా దాచలేదు. అంతా విని ఆమె అడిగిన ప్రశ్నలు నేను అనుకోనివి.

ఆ రెండో గుంతలోనే వేరే లోపమేదో లేదని నమ్మకమేమిటి? మీ ల్యాబు క్యాను లేకుండా ఈ వీధి తనంతట తాను దీన్ని నడుపుకోగలదని నమ్మకమేమిటి? రెండింటికీ ఒకటే పరీక్ష పెట్టింది. ఈ వీధి గుంతలోని తోడే ఇప్పుడు మా కళ్ళముందు రెండో గుంతలో వేయండి. పది రోజుల తర్వాత వస్తాం. తేటపడి, విత్తనం మొలిస్తే పొయ్యిలు వెలుగుతాయి.

అదేమంత పనని నేను మగ్గు అందుకుని ఇమాంబీ గుంత వైపు నడిచాను. గడపలో నిలబడి అంతా వింటున్న కాంతమ్మ నన్ను ఆపింది.

"ఆ మగ్గు ఆడ పెట్టు పాపా. తోడు కావాల్సింది నా ఇంటికి. నేనే పోయి అడగాల."

లోపలికెళ్ళి ఇత్తడి చెంబు తెచ్చుకుంది. ఆరు ఇళ్ళవాళ్ళూ వీధిలోనే ఉన్నారు. కమిటీ వాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. నాలుగేళ్ళుగా తొక్కని గడప ముందు కాంతమ్మ చెంబు పట్టుకుని నిలబడింది. ఇమాంబీ బయటికొచ్చింది. ప్రయోగమంతా ఆ ఇద్దరి మధ్య ఉన్న మూడడుగుల్లో నిలిచిపోయింది.

"ఇమాంబక్కా, కాసింత తోడు ఇస్తావా?"

ఇమాంబీ ఆకాశం వైపు చూసింది. పొద్దు వాలిపోయింది, మసీదు మైకు గరగరమంటోంది.

"దీపాలు పెట్టే యాళ అయిపోయిండాది కాంతా. ఇప్పుడు నువ్వు పుచ్చుకోవచ్చునా?"

"మా ఇంట్లో ఇంకా దీపం పెట్టలేదు లేక్కా. నీ దగ్గరకి వచ్చి పోయినాకే పెడదామని ఉండాను."

సాయంత్రం ఆరు కొట్టగానే దీపం పెట్టే మనిషని కాంతమ్మకు పేరు. ఇమాంబీ ఇంకేమీ అడగలేదు. చెంబు తీసుకుని, తనే మూత ఎత్తి, నిండా ముంచి ఇచ్చింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎవరైనా అడిగితే రంగు ఘాటు అని చెబుదామనుకున్నాను.

పదో రోజు కమిటీ వచ్చేసరికి రెండో తొట్టిలో అడుగునున్న గులకరాళ్ళు కనబడుతున్నాయి. పళ్ళెంలో ఇరవై విత్తనాలకు పదిహేడు మొలిచాయి. పెద్దావిడ ఆ పళ్ళెం కింద పెట్టి, ఆరు ఇళ్ళూ పని సాగించుకోవచ్చని కాగితం మీద రాసిచ్చింది. పక్క వీధి వాళ్ళు అప్పటికే చెంబులు పట్టుకుని ఇమాంబీ వసారాలో ఉన్నారు. ఈసారి నేను వద్దనలేదు.

నా ప్రయోగం పుస్తకంలో చివరి పేజీ తీసి, రెండో గుంత నంబరు ఎదురుగా ‘కంట్రోలు చెడిపోయినది’ అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను.