మోకాలి కింద దిండు

మా ఆయనకు ఒక జబ్బుంది. అది ఏ డాక్టరూ కోసి తీసేది కాదు. పడుకున్న మనిషి ఒంటి కింద ఎక్కడ ఖాళీ కనిపించినా ఆయన చెయ్యి ఊరుకోదు. మెడ కిందో, నడుం కిందో, ఆఖరికి మడమ పైనుండే కాస్త వంపు కిందో ఏదో ఒకటి కుక్కితే గాని మనసు కుదుటపడదు. తాతల నాటి నుంచీ పరుపుల కొట్టు నడిపిన వంశం మరి. మా మామగారు పోయే ముందు కొడుకులిద్దరినీ దగ్గరికి పిలిస్తే, ఆస్తి సంగతేదో చెబుతారని అందరూ చెవులు రిక్కించారు. దిండులో దూది ఒక మూలకు చేరిందని చెప్పి ఆయన కళ్ళు మూశారు.

అలాంటి ఇంటి మనిషికి, మోకీలు మార్పించుకుని కదలకుండా పడున్న పెళ్ళాం దొరికింది. ఇక ఆయన్ని పట్టుకునేవాళ్ళెవరు?

ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున్నే పెద్ద సంచీతో వార్డులోకి వచ్చారు. పండ్లేమో అనుకున్నాను. సంచీలోంచి దిండు బయటికి తీశారు. ఒక పక్క ఎత్తుగా, ఇంకో పక్క పల్చగా, మధ్యలో గుంటతో వింతగా ఉంది. దానికి తెల్లటి గలేబు, గలేబు అంచుకు నీలం పైపింగు కూడా.

"అచ్చం నీ మోకాలి కొలతే," అన్నారు గర్వంగా. "పోయిన వారం నువ్వు నిద్రపోతుంటే కింద చెయ్యి దూర్చి చూసుకున్నాను. మంచి బూరుగు దూది. అందులో ఒక్క గింజ ఉంటే నా పేరు మార్చుకుంటాను."

మెడ కొలిచి గొలుసు చేయించే మొగుళ్ళ గురించి విన్నాను. మోకాలు కొలిచి దిండు కుట్టించే మొగుణ్ణి నాకే రాసిపెట్టారు.

నా కాలు మెల్లగా ఎత్తి, మోకాలి కింద దిండు సర్దారు. నిజం చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది. కట్టు కింద రంపం పెట్టి కోస్తున్నట్టున్న నొప్పి సగానికి సగం తగ్గింది. మొగుడంటే ఇలా ఉండాలని ఆ పూటకు అనిపించింది కూడా.

ఆ పూట గడవకముందే ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. చూస్తే పిడికెడంత మనిషి. దుప్పటి ఎత్తి చూసి, ఒక్క మాట మాట్లాడకుండా దిండు లాగి కుర్చీలో పడేసింది. నాకు పట్టపగలే చుక్కలు కనిపించాయి.

"ఎవరు పెట్టారిది?"

"నేనేనమ్మా. స్పెషల్‌గా కుట్టించాను," అన్నారు మా ఆయన, మెచ్చుకుంటుందేమోనని ఆశగా.

"చాలా బాగుంది అంకుల్. షోకేసులో పెట్టుకోండి. మోకాలి కింద మాత్రం పెట్టకండి. కాలు వంచి ఉంచితే హాయిగానే ఉంటుంది, కానీ అలాగే బిగుసుకుపోతుంది. కావాలంటే మడమ కింద టవల్ చుట్టి పెట్టండి. మోకాలి కింద ఏమీ ఉండకూడదు."

"ఏమీనా? గాల్లో వదిలెయ్యాలా?" ఆయన మొహం చూడాలి అప్పుడు. పెళ్ళాన్ని నడిరోడ్డు మీద వదిలేసి రమ్మన్నట్టుగా పెట్టారు.

ఆ అమ్మాయి నా చేత వాకర్ పట్టించి, బాత్రూం తలుపు దాకా నడిపించింది. ఆవిడ ఏడు తరాలనూ లోపల్లోపలే తిట్టుకుంటూ నడిచాను. మళ్ళీ మంచమెక్కేసరికి ఆవిడకు పోలీసమ్మ అని పేరు పెట్టేశాను. పోలీసమ్మ అలా గుమ్మం దాటిందో లేదో, దిండు మళ్ళీ నా మోకాలి కిందికి వచ్చేసింది.

"ఆ పిల్ల వచ్చే టైముకు తీసేద్దాంలే," అన్నారు మా ఆయన గుసగుసగా.

వద్దండీ, తీసెయ్యండి అనాల్సిన నోరు నాది. ఆ నోరు హాయిగా ఆవులించి ఊరుకుంది.

ఇక ఆ తర్వాత వార్డు మొత్తం ఆయన చేతికి చిక్కింది. కనిపించిన ప్రతి పరుపునూ నొక్కి చూసి, "ఇది పరుపా, అట్టా?" అని పెదవి విరిచారు. మెడనొప్పి అన్న నర్సుకు మెడ దిండు వచ్చింది. హెడ్ నర్సు కుర్చీలోకి మెత్త వచ్చింది. దాంతో పోలీసమ్మ వరండా మలుపు తిరగ్గానే ఎవరో ఒకరు దగ్గేవాళ్ళు, ఇటు మోకాలి కింది దిండు కాళ్ళ దగ్గర దుప్పట్లోకి దూరేది. నాకు ఆపరేషన్ చేసిన డాక్టరు గారైతే రౌండ్లకు వచ్చి, నా కాలి సంగతి వదిలేసి, తన నడుం పట్టేస్తోందని మా ఆయనతో చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఈయన వెంటనే ఆయన్ని అటు తిప్పి, వీపు తడిమి, ఏ రకం పరుపు వాడాలో చెప్పారు. ఎవరు డాక్టరో, ఎవరు రోగో తెలీక పక్క మంచం ఆవిడ తెల్లబోయి చూసింది.

పోలీసమ్మకు కూడా ఒక దిండు ఇవ్వబోయారు. "నేను నేల మీద పడుకుంటాను అంకుల్," అంది ఆ అమ్మాయి. జన్మలో ఎవరూ ఆయన్ని అంత మాట అని ఉండరు.

ఇంతకూ నేను మోకాలు ఎందుకు కోయించుకున్నానో చెప్పలేదు కదూ. మా కొట్టు కింది అంతస్తులో, కుట్టుపని పై అంతస్తులో. మధ్యలో నిట్టనిలువు మెట్లు. పైన కిటికీ పక్కన పొడవాటి బల్ల ఉంటుంది. ఆ బల్ల మీద గుడ్డ పరిచి నేను కత్తెర వేశానంటే, పరుపుకు గలేబు ముడత లేకుండా పట్టాల్సిందే. బోర్డు మీద పేరు మా ఆయనది, కొట్టుకు వచ్చిన పేరు నాది. మోకాళ్ళు మొరాయించాక నన్ను కిందికి దించి గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టారు. లోపలికొచ్చిన వాళ్ళు నా మొహంలోకి చూస్తూనే, "ఇక్కడెవరైనా ఉన్నారా?" అని అడిగేవాళ్ళు. అడిగిన ప్రతిసారీ నాకు చచ్చినంత పనయ్యేది. మళ్ళీ ఆ మెట్లెక్కాలి, ఆ బల్ల దగ్గర నిలబడాలి. అందుకు కోయించుకున్నాను మోకాలు. విశ్రాంతి కోసం కాదు.

ఇప్పుడు పైన నా చోట ఉన్నది నా తోడికోడలు, మా మరిది భార్య. రోజూ భోజనం క్యారియర్‌తో ఆస్పత్రికి వచ్చేది. వచ్చి, మంచం అంచున ఒదిగి కూర్చుని, తేనె పూసినట్టు మాట్లాడేది.

"పైన సంగతి నువ్వేం మనసులో పెట్టుకోకక్కా. హాయిగా రెస్టు తీసుకో."

రెస్టు అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మండిపోయేది.

"నా కత్తెర ఎలా ఉందే?"

"కత్తెరా? ఉందక్కా, బాగానే ఉంది." అలా అని గోళ్ళు చూసుకుంది.

"గుడ్డ వంకర పోనివ్వడం లేదు కదా?"

"ఇంకొంచెం పెరుగు వెయ్యనా?" అంది.

నేనేం చెవుల్లో పెరుగు పోసుకుని లేను. నా బల్ల కాజేసింది మహాతల్లి, అందుకే కళ్ళలోకి చూడలేకపోతోందని తీర్మానించేసుకున్నాను. ఇంటికెళ్ళాక ఎలా దులపాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా పడుకుని సిద్ధం చేసుకున్నాను. దిండు మెత్తగా ఉందేమో, మాటలు భలే తోచాయి.

రేపు ఇంటికి పంపుతారనగా, డాక్టరు గారు తన నడుం సంగతి పక్కనబెట్టి నా కాలు చూశారు. చూసి మొహం చిట్లించారు.

"వంగడం బాగానే వంగుతోంది. చాపితే పూర్తిగా రావడం లేదేమిటి?"

ఆయన వెనకాలే పోలీసమ్మ ఉంది. ఆ రోజు ఎవరూ దగ్గలేదు. డాక్టరు వెంట వస్తుంటే ఎలా దగ్గుతారు? ఆ అమ్మాయి నా కాళ్ళ దగ్గర దుప్పటి ఎత్తి, మా ఆయన అప్పటికప్పుడు అక్కడికి తోసిన, ఇంకా వెచ్చగా ఉన్న దిండు తీసి అందరికీ చూపించింది. డాక్టరు గారు మాత్రం గోడ మీది గడియారం చూశారు. ఆ ముందు రోజే ఆయనింటికి కొత్త పరుపు వెళ్ళింది.

"ఆంటీ, మీకు ముందే చెప్పాను," అంది పోలీసమ్మ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "ఇది ఇలాగే బిగుసుకుపోతే కుంటుతూ నడవాలి. చదునైన నేల మీద కర్రతో ఎలాగో నెట్టుకొస్తారు. నిట్టనిలువు మెట్లు మాత్రం మర్చిపోండి."

హాయి హాయి అంటూ మెట్లను నేనే చేజేతులా పోగొట్టుకుంటున్నానని అప్పుడు గాని బుర్రకెక్కలేదు. డాక్టరు గారు, "బాగా ఎక్సర్‌సైజ్ చేయించండి," అనేసి పక్క మంచానికి వెళ్ళిపోయారు.

మా ఆయన మాత్రం హమ్మయ్య అని ఊపిరి వదిలారు.

"ఇంతేనా? ఇంకా ఏం మునిగిపోయిందో అనుకున్నాను. ఆవిడకిక మెట్లతో పనేముందమ్మా?" అని నా వైపు తిరిగారు. మొహం వెలిగిపోతోంది. "రేపు ఇంటికొచ్చాక చూపిద్దామనుకున్నాను. కింద దూది గది ఖాళీ చేయించి సున్నం వేయించాను. ఇక అది నీ గది. అందులో మంచం. ఏ చెక్కతో చేయించానో చెప్పుకో చూద్దాం? పైన నీ బల్ల విప్పించాను! నీ చెయ్యి పడ్డ చెక్క ఎవరికో పోవడమెందుకు, నీకే ఉండాలని. గలేబులు రెడీమేడ్ తెప్పిస్తున్నాం. నువ్వు పడ్డ కష్టం చాలు. ఇక పడుకో."

క్యారియర్ మూత పట్టుకుని నిలబడ్డ తోడికోడలి వైపు చూశాను.

"నీకు తెలుసా?"

అది వెక్కివెక్కి ఏడుపందుకుంది. "బావగారే చెప్పొద్దన్నారక్కా. వద్దు వద్దని మొత్తుకున్నాను, వింటేనా? ఆ రెడీమేడ్ గలేబులు ఒక్క పరుపుకీ పట్టడం లేదు. వచ్చినవాళ్ళంతా నన్నే తిట్టిపోస్తున్నారు. నువ్వెప్పుడొస్తావా అని కళ్ళల్లో ఒత్తులేసుకుని చూస్తున్నాను. నీ కత్తెర ఒక్కటే నా పెట్టెలో దాచాను."

దాన్ని దులపడానికి సిద్ధం చేసుకున్న మాటలన్నీ నా దగ్గరే ఉండిపోయాయి. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నా మీద ఇంత ప్రేమ ఎప్పుడూ చూపించలేదు. ఇంత అన్యాయమూ ఎప్పుడూ చెయ్యలేదు. ఆ రెండూ ఒకే మంచంతో చేసి, మెప్పు కోసం నా మొహం చూస్తున్నారు. మనిషి చెడ్డవాడైతే తిట్టి చేతులు దులుపుకోవచ్చు. ఈయన్నేం చెయ్యను?

"ఇలా రండి," అని మా ఆయన్ని పిలిచి, పోలీసమ్మ వైపు తిరిగాను. "ఆయన చెయ్యి ఎక్కడ పెట్టాలో చూపించు తల్లీ."

పోలీసమ్మ నా మడమ కింద టవల్ చుట్ట పెట్టి, ఆయన రెండు చేతులూ తీసుకుని కట్టుకు పైగా తొడ మీద ఆనించింది. "నెమ్మదిగా నొక్కండి అంకుల్. నేను చాలన్నప్పుడు ఆపాలి."

"నీకు నొప్పి పుడుతుందే," అన్నారాయన.

"పుడుతుంది. నొక్కండి."

నొక్కారు. పళ్ళు బిగబట్టాను. కేక నాది కావలసింది, ఆయన పెట్టారు. కళ్ళ నీళ్ళు బొటబొటా నా దుప్పటి మీద పడ్డాయి. జాలేసింది. అయినా ఆపమనలేదు.

"ఆ మంచం విప్పించండి," అన్నాను ఊపిరి బిగించే. "రేపటికి అది మళ్ళీ బల్లై, పైన కిటికీ దగ్గర ఉండాలి."

"ఇప్పుడిప్పుడే మెట్లెక్కనివ్వరే నిన్ను!"

"ఎక్కనివ్వకపోతే పోనీ. నేనెక్కేదాకా అదే నా కోసం చూస్తుంది."

"మరి నువ్వెక్కడ పడుకుంటావు?"

"పరుపుల కొట్టులో పడుకోడానికి చోటే లేదా?"

నా తోడికోడలు ముక్కు తుడుచుకుని, అప్పటికే వడ్రంగికి ఫోన్ కలిపింది. బావగారి చేతులు ఖాళీ లేవు కనుక తనే ఫోన్ ఆయన చెవికి ఆనించి పట్టుకుంది.

"మంచం కాదయ్యా... ఆఁ, మళ్ళీ బల్లే చెయ్యాలి," అన్నారాయన పీలగా. అవతలివాడు ఎంత ఎత్తని అడిగాడు కాబోలు, ఆగి నా వైపు చూశారు.

"నిలబడి పనిచేసే ఎత్తు," అన్నాను.