గోటితో గీసి చూసిన పాట

పలాస మొత్తంలో హెవీ మెటల్ రాక్ సంగీతం వినేవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు షైని, జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరే పిల్ల. రెండోవాడు అవినాష్, పురోహితుడి కొడుకు, జిరాక్స్ షాపు పెట్టుకున్నాడు. ఇద్దరూ టెన్త్ దాకా ఒకే క్లాసు. ‘థండర్‌మిల్’ అనే ఇంగ్లండు బృందం క్యాసెట్టు ఒకటి అప్పట్లోనే వాళ్ళ చేతికి చిక్కింది. ఆ పిచ్చి ఇప్పటికీ వదల్లేదు.

ఆ పిచ్చితోనే అవినాష్ ఎనిమిది పేజీల పత్రిక ఒకటి జిరాక్స్ తీసి, విశాఖలో, బరంపురంలో ఉన్న తోటి పిచ్చివాళ్ళకు పోస్టు చేసేవాడు. 2001లో, ఎనిమిదేళ్ళు ఉలుకూ పలుకూ లేని ఆ ముసలి బృందం కొత్త ఆల్బం వేసింది. అవినాష్ క్యాసెట్టు తెచ్చి షైని చేతిలో పెట్టి, “ఈసారి రివ్యూ నువ్వు రాయి” అన్నాడు. షైని పేరు కాగితమ్మీద పడటం అదే మొదటిసారి. పడితే తను నమ్మిన మాటల కిందే పడాలని ఆమె అప్పుడే గట్టిగా అనుకుంది.

వారం రోజులు వింది. “పార్థనకొచ్చినోళ్ళు బెదిరిపోతన్నారే!” అని తల్లి దయమ్మ మొత్తుకున్నా వింది. వినేకొద్దీ ఒళ్ళు మండింది. మూడు పాటలు మునుపటిలాగే ఒళ్ళు జలదరించేలా ఉన్నాయి. నాలుగు బాగానే మొదలై మధ్యలో చతికిలబడ్డాయి. మిగిలినవి రెండు: గారాలు పోయిన ఒక ప్రేమపాట, గాయకుడి గొంతు చీలిపోయిన చివరి పాట. ఇంత ప్రేమించిన మనిషికి కోపం రాదూ? చేతికి అలవాటైన ఫ్యాక్టరీ లెక్కలోనే రాసేసింది: విరగని గుండ్లు మూడు, విరిగిన బద్దలు నాలుగు, మాడినవి రెండు.

అవినాష్ చదివి ముఖం చిట్లించాడు.

“ఏటి షైనీ ఇది? అరవై దగ్గరపడినోళ్ళు. పలాసలో కూర్చుని మనం వాళ్ళకి వంకలు పెట్టడమా? ఆ మాడినవి తీసెయ్. లేకపోతే వెయ్యను.”

“ఎయ్యకు. మాడిన పప్పు ఒక్కటి కనబడితే షావుకారు డబ్బా మొత్తం ఎనక్కి పంపేత్తాడు. రెండూ దాసేత్తే, ఆ మూడూ బాగున్నాయంటే ఎవడు నమ్ముతాడు, సెప్పు?”

కాగితం లాక్కుని వచ్చేసింది. కోపం తగ్గలేదు గానీ, ఒక సంగతి మాత్రం లోపల తొలిచింది. ఫ్యాక్టరీలో మాడిందనుకున్న పప్పును ఎవరూ వెంటనే పారెయ్యరు. పొర అంటుకున్న పప్పు కూడా నల్లగానే కనిపిస్తుంది. గోటితో గీస్తేనే లోపల తెల్లగా ఉందో లేదో తెలుస్తుంది. మరి తను గీసి చూసిందా?

ఆదివారం చర్చి నుంచి రాగానే చివరి పాట మళ్ళీ పెట్టింది. గొంతు చీలిన చోట ఆ ముసలాయన ఆగలేదు, స్వరం దించలేదు. చీలిన గొంతుతోనే పాటను చివరిదాకా లాక్కొచ్చాడు. కొత్తగా చేరినప్పుడు మంచి పప్పు ఎంత పారేసి తిట్లు తిందో షైనికి గుర్తొచ్చింది. మళ్ళీ అదే తప్పు చేసినందుకు సిగ్గేసింది. కళ్ళు తుడుచుకుని, పెన్ను తీసి, ఆ పాటను గుండ్లలో కలిపింది.

మర్నాడు కాగితం చూసి అవినాష్ సంబరపడిపోయాడు. “మార్చావు కదా! అదే చేత్తో ఆ ప్రేమపాటనీ మార్చెయ్.”

“దాన్నీ గీసి సూసాను అవినాష్. లోపలిదాకా మాడిపోయింది.”

అవినాష్ కాగితాన్ని తిరగేసి జిరాక్స్ మిషను అద్దమ్మీద పెట్టాడు.