ముడులక్క చదివిన మంగళవారం

ఆ పెద్దాసుపత్రిలో బట్టలుతికే విభాగానికి వెళ్ళి ఆమెను అసలు పేరుతో అడిగితే ఎవరూ చెప్పలేరు. అందరికీ ముడులక్కే. ఆ పేరు ఊరికే రాలేదు. పదిహేడేళ్ళ కిందట ఆమె పనిలో చేరినప్పుడు దుప్పట్లు వేరుచేసే బల్ల దగ్గరున్న ఆడవాళ్ళలో ఒక్కరికీ చదువు రాదు. మూటల మీద చీటీలేమో అక్షరాల్లో ఉండేవి. పిల్లల వార్డు దుప్పట్లు ఆపరేషన్ల గదికీ, ఆపరేషన్ల గదివి ఇంకెక్కడికో పోయి రోజూ రభస. చివరికి ఈవిడే ఒక దారి కనిపెట్టింది. మూట కొసకు ఒక ముడి ఉంటే పిల్లల వార్డు. రెండుంటే ఆపరేషన్లు. మూడుంటే కాలిన గాయాల వార్డు. వాటి పక్కన ఇంకోటి మెలిపెట్టి ఉంటే ఆ మూట పంపకూడదు, ఏదో తేడా ఉంది. నెల తిరిగేసరికి వార్డుల్లో చదువొచ్చినవాళ్ళు కూడా చీటీ చూడటం మానేసి ముడులు తడమడం మొదలుపెట్టారు.

అంత బుర్రున్న మనిషిని పదిహేడేళ్ళు అదే బల్ల దగ్గర నిలబెట్టారంటే ఏమనాలి? నేనైతే చాలా అంటాను గానీ, ముందు కథ వినండి.

యంత్రాలు నడిపే ఆపరేటరు ఆ ఏడాది రిటైరవుతున్నాడు. ఆ పని దొరికితే జీతం పెరుగుతుంది, కూర్చోవడానికి కుర్చీ ఉంటుంది, నడుం విరిగేలా తడిమూటలు ఎత్తక్కర్లేదు. యంత్రాలు ముడులక్కకు కొట్టినపిండి. ఏది ఎందుకు మూలుగుతోందో అవతలి గదిలోంచే చెప్పేది. అడ్డమల్లా ఒక్కటే. రెండు గంటలకోసారి నీళ్ళ వేడి ఎంతుందో చూసి పుస్తకంలో రాయాలి. అందుకు వయోజన విద్య సర్టిఫికెట్టు కావాలి, ఆ తర్వాత సూపర్వైజరు పెట్టే పరీక్ష నెగ్గాలి.

"ముడులేసుకునే చేతులకి పెన్నెందుకక్కా? చదవేస్తే ఉన్న మతి పోయిందన్నారు పెద్దలు," అని నవ్వాడు సూపర్వైజరు.

"నా మతి ఎక్కడికీ పోదులే బాబూ. గట్టిగా ముడేసి దాచుకున్నా," అంది ఆమె.

ఇంట్లో అత్తగారు ఇంకో రాగం అందుకుంది. ఆవిడకు డెబ్బై ఆరేళ్ళు, నోటికి మాత్రం పదహారు. "నలభై తొమ్మిదేళ్ళొచ్చాక బడేంటే? మనవరాలి పలక లాక్కుంటావా?" అంది. అన్న మనిషే మర్నాటినుంచి మూడు కొట్టేసరికి సంచీ తెచ్చి గుమ్మంలో పెట్టి, "ఇంకా బయల్దేరలేదా, బడిదొంగా!" అని తరిమేది.

బడంటే పిల్లలు ఇళ్ళకెళ్ళాక ఖాళీ అయ్యే మూడో తరగతి గది. బెంచీల కింద మోకాళ్ళు పట్టక అందరూ పక్కకు తిరిగి కూర్చునేవారు. ఒక వెల్డరు, ఒక వాచ్‌మన్, ఇళ్ళల్లో పిల్లల్ని చూసుకునే ఒకావిడ, ముడులక్క. మాస్టారు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసి రిటైరైన మనిషి. "మనిద్దరిదీ ఒకటే పనమ్మా. నావి కాగితాలు, నీవి దుప్పట్లు," అన్నాడు మొదటిరోజే. పొగడటం తెలియదాయనకు. తప్పు రాస్తే మాత్రం కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవాడు. ఆ తుడుచుకోవడమే అందరికీ భయం.

ఆరో నెలలో ఆయన ఒక పని చెప్పాడు. మీ చేతుల్లో రోజూ నలుగుతూ, ఇన్నాళ్ళూ చదవలేకపోయినది ఏదో ఒకటి పట్టుకురండి అన్నాడు. వెల్డరు తన కడ్డీల పెట్టె తెచ్చాడు. ముడులక్క సబ్బుపొడి డ్రమ్ము మీది కాగితం ఊడదీసి తెచ్చింది. పదిహేడేళ్ళుగా ఆ డ్రమ్ములో చెయ్యి పెట్టి పొడి తీస్తోంది. కాగితం మీద ఎర్రగా ఉన్న వరుసను కూడబలుక్కోవడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది.

"ఒట్టి చేతులతో తాకరాదు."

ఇంకోసారి చదివింది. అదే ఉంది. తర్వాత తన వేళ్ళకేసి చూసుకుంది. తోలు లేచిపోయి, గోళ్ళ చుట్టూ పగుళ్ళు. ఎన్నేళ్ళో నూనె రాసుకుంది. "నీ ఒంటి తత్వమే అంత," అని సూపర్వైజరు చెబితే నమ్మింది కూడా.

"ఏడవకమ్మా," అన్నాడు మాస్టారు.

"ఏడుపు కాదు మాస్టారూ, మంట," అంది ముడులక్క. నిజంగానే అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు ఆ కాగితం తీసుకెళ్ళి సూపర్వైజరు బల్లమీద పెట్టింది. ఆయన ఒక్క చూపు చూసి, "ఆ, తెలుసులే," అన్నాడు.

"తెలుసా?"

ఆయన కాగితాన్ని పక్కకు జరిపాడు. తెలియదని ఉంటే ఆమె క్షమించేదేమో. అరగంటలో గోడౌన్లోంచి చేతి తొడుగులు వచ్చాయి, దుమ్ము పట్టిన పెట్టెలు రెండు. ఎన్నాళ్ళనుంచి అక్కడ పడున్నాయో ఎవరూ చెప్పలేదు. ఆ రోజునుంచి ఆయనకు ముడులక్క కంట్లో నలుసైంది.

పది నెలలు పూర్తయ్యాయి. సర్టిఫికెట్టు వచ్చింది. ఒక గురువారం మధ్యాహ్నం సూపర్వైజరు ఆమెను తన అద్దాల గదిలోకి పిలిచి పరీక్ష పెట్టాడు. అచ్చక్షరాలైతే చదివేస్తుందని ఆయనకూ తెలుసు. అందుకే వేడి రాసే పుస్తకం ముందుకు తోశాడు. ఆపరేటరు రిటైరయ్యేముందు మిగిలిన సెలవులు వాడుకుంటున్నాడు కాబట్టి ఆ వారం రాతంతా సూపర్వైజరుదే, కోడి గీకినట్టుంది.

"ఈ వారం పేజీ చదువు."

ఆమె వేలు పెట్టి నింపాదిగా చదివింది. సోమవారం గడిచింది. "మంగళవారం. ఆరు గంటలు, డెబ్బై ఒకటి. ఎనిమిది గంటలు, డెబ్బై ఒకటి. పది గంటలు, డెబ్బై..." వేలు అక్కడే ఆగిపోయింది.

"మంగళవారం పొద్దున తొమ్మిదింటికే ఆవిరి పైపు పగిలింది కదండీ. చీకటిపడేదాకా చన్నీళ్ళేగా."

"చదవమన్నాను. తీర్పు చెప్పమన్లేదు."

"చదివితే అర్థమవుతుంది కదండీ. అర్థమయ్యాక ఏం చెయ్యమంటారు?"

డెబ్బై ఒక్క డిగ్రీల వేడి తగలని దుప్పట్లలో రోగం చావదని ఆ విభాగంలో చిన్నపిల్లను అడిగినా చెబుతుంది. ఆ రోజు కూడా ఆమె మొత్తుకుంది. వార్డులవాళ్ళు అరుస్తున్నారు, కట్టి పంపెయ్యమన్నాడు ఆయన.

సూపర్వైజరు లేచి తలుపు వేశాడు. గొంతు తగ్గించాడు. "చూడక్కా, ఉన్నదున్నట్టు చదివెయ్. సంతకం పెట్టేస్తా. సోమవారంనుంచి కుర్చీ నీది. కాదూ కూడదంటావా, ఆ బల్ల దగ్గరే రిటైరవుతావు. నీ ఇష్టం."

కుర్చీ మీద ఆశ లేదంటే అబద్ధం. ఉంది, చాలా ఉంది. పది నెలలు పిల్లల బెంచీలో మోకాళ్ళు నొప్పెట్టుకున్నది దానికోసమే. ఒక్క అంకె గొంతు దిగితే చాలు. ఆమె తల దించుకుంటే పేజీ మీద పెట్టిన వేలు కనబడింది, పగుళ్ళతో సహా. డ్రమ్ము మీది మాట ఈయన చదివాడు. చదివి నోరు మూసుకున్నాడు. అక్షరం వచ్చి మూసుకున్న నోటికంటే అక్షరం రాని తన ముడులే నయం అనిపించింది ముడులక్కకు.

బల్లమీది పెన్ను తీసుకుంది. మంగళవారం పక్కన ఉన్న ఖాళీలో రాసింది: "పైపు పగిలింది. వేడి లేదు." కింద సంతకం చేసింది. పుస్తకం చంకలో పెట్టుకుని తలుపు తీసింది.

"ఏయ్, పుస్తకం! ఎక్కడికీ?" అని ఆయన అరుస్తూనే ఉన్నాడు.

మూడు అంతస్తులెక్కింది. గోడలమీది బోర్డులు చదువుకుంటూ, దారి ఎవర్నీ అడక్కుండా, పెద్దమేడమ్ గదికి చేరింది. ఆసుపత్రిలో శుభ్రతంతా చూసేది ఆవిడే. ఆవిడ పుస్తకం రెండుసార్లు చూసింది.

"ఆయన రాసిందొకటి, నువ్వు రాసిందొకటి. రుజువేమిటమ్మా?"

"కింద ఉందండీ. వచ్చి చూడండి."

అట్టడుగు అరలో పదకొండు మూటలున్నాయి. అన్నిటికీ మూడు ముడులు, పక్కన మెలిపెట్టిన నాలుగో ముడి. మంగళవారం కాలిన గాయాల వార్డుకు అంతకుముందు ఉతికి దాచినవి పంపించి, వీటిని వెనక్కి తోసింది ముడులక్క. మేడమ్ ఆ ముడి పట్టుకుని, బల్ల దగ్గరున్న ఆడవాళ్ళను అడిగింది. "ఇదేంటి?"

"పంపకూడదనండీ! మంగళవారం చన్నీళ్ళలో ఉతికినవి," అన్నారు అందరూ ఒక్కసారే.

"నేనేం దాచలేదు మేడమ్!" అన్నాడు సూపర్వైజరు. ఆయన్ని ఇంకా ఎవరూ ఏమీ అడగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే అదే.

మిగతా వార్డులకు వెళ్ళిన దుప్పట్లు ఆ సాయంత్రమే వెనక్కొచ్చాయి. ముడులక్క పరీక్ష కాగితం మీద మేడమే సంతకం పెట్టింది. సూపర్వైజరుకు నోటీసు ఇచ్చారు గానీ ఉద్యోగం తీసెయ్యలేదు. లోకం అంత తొందరగా బాగుపడితే ఇక కథలెందుకు?

సోమవారం పొద్దున ఆరింటికి ముడులక్క కుర్చీలో కూర్చుంది. వేడి చూపే ముల్లు అరవై ఎనిమిది దగ్గర నిలబడి ఉంది. గుమ్మంలో సూపర్వైజరు.

"డెబ్బై ఒకటని రాసేసి మొదలెట్టక్కా. అవతల వార్డులు ఫోన్ల మీద ఫోన్లు. మూడు డిగ్రీలకి ఎవరు చస్తారు?"

"ఎద్దు పుండు కాకికి నొప్పా," అని గొణిగి, ఆమె పుస్తకంలో అరవై ఎనిమిది అని రాసింది. యంత్రం మీట జోలికి పోలేదు. అద్దాల గదిలో ఫోను మోగుతోంది. తొడుగులు వేసుకున్న చేతులతో బల్ల దగ్గరి ఆడవాళ్ళు కూడా పని ఆపి చూస్తున్నారు.

"ఎంతసేపూ?" అన్నాడాయన.

"వేడెక్కేదాకా," అంది ముడులక్క. "నాకేం తొందర్లేదు బాబూ. కూర్చోవడానికి కుర్చీ ఉందిగా."