తాళం తీసిన పేజీలు

"ఇల్వా ఫోన్లో కొత్త ఊరు కనబడటం లేదట, కాస్త తెరిచిపెట్టు!" అని ముందుగదిలోంచి స్టఫ్ఫాన్ కేక వేశాడు.

ఉల్రికా వంటింట్లో యాలకుల బన్నులకు పిండి పిసుకుతోంది. ఆదివారం, పగలు పదకొండు గంటలు. రెండింటికి ఇల్వా, మిగతా ఆటవాళ్ళూ వస్తారు. మొగుడు స్టఫ్ఫాన్ చెప్పే పనులన్నీ కాస్తలే. కాస్త తెరువు, కాస్త రాసిపెట్టు, కాస్త చూసుకో. ఆ కాస్తలన్నీ కలిసి తొమ్మిదేళ్ళుగా ఆమె ఆదివారాలను నమిలి మింగేశాయి. పిండి డబ్బా పక్కనే ల్యాప్‌టాప్ ఉంది. అది ఉండే చోటే అది. ఒక చెయ్యి ఏప్రన్‌కి తుడుచుకుని తెరిచింది.

ఆట అంటే పరుగులూ బంతులూ కాదు. నలుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలిన ముగ్గురూ అందులో మనుషులైపోతారు, కష్టం వచ్చినచోట పాచికలు వేసి బతికిందీ చచ్చిందీ తేల్చుకుంటారు. కథ నడిపేవాడు స్టఫ్ఫాన్. కథ జరిగే లోకం పేరు ఉప్పుదీవులు. ఆ దీవుల్లో ఎన్ని రేవులున్నాయో, ఏ సత్రం యజమానికి ఎన్ని పెళ్ళిళ్ళయ్యాయో, ఎవరు ఎవరికి పగవారో, అదంతా ఒక సాఫ్ట్‌వేర్‌లో పేజీలుగా దాచి ఉంటుంది. ప్రతి పేజీకీ రెండు భాగాలు. పై భాగం ఆటగాళ్ళు తమ ఫోన్లలో చదువుకోవచ్చు. కింది భాగానికి తాళం. అందులో రహస్యాలుంటాయి, అవి స్టఫ్ఫాన్‌కీ, రాసిపెట్టే ఉల్రికాకీ తప్ప ఇంకెవరికీ కనిపించవు.

ఉల్రికా కొత్త ఊరి పేజీ మీద నొక్కబోయి, దాన్ని పెట్టిన పెద్ద ఫోల్డరు మీద నొక్కింది. అందరికీ చూపించాలా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. ఉల్రికా అవును నొక్కింది. తాళాలున్నవి కూడానా అని అది మళ్ళీ అడిగింది. అడిగినదానికల్లా అవునవునని అలవాటైపోయిన చెయ్యి అది, చదవకుండానే నొక్కేసింది. ఓవెన్ వేడెక్కిందో లేదో చూసి వచ్చేసరికి ఫోను టింగుమంది. ఇంకోసారి టింగుమంది. ఆ తర్వాత ఆగనే లేదు.

ఆటవాళ్ళ గ్రూపులో మొదటి కబురు యెర్కర్‌ది. వడ్రంగి మనిషి, టైపు చేయడానికి బద్ధకం, అలాంటివాడు మూడు వాక్యాలు రాశాడు. "లైట్‌హౌస్ ముసలమ్మే తన మొగుణ్ణి నీళ్ళలోకి తోసిందా? ఆటలో నాలుగేళ్ళుగా ఆవిడకి కట్టెలు కొట్టిపెడుతున్నాను కదరా నేను! అయినా ఈ కింద, 'స్టఫ్ఫాన్, ఇక్కడ నువ్వేమీ చెప్పలేదు, నేనే అల్లాను, నచ్చకపోతే మార్చు' అని ఎవరు రాశారు?"

ఉల్రికా ఆ కబురు ఇంకోసారి చదివింది. కుర్చీలో కూలబడింది.

ఆ వాక్యం ఆమెదే. దాదాపు ప్రతి పేజీ కిందా ఉంటుంది. స్టఫ్ఫాన్ వారం మధ్యలో ఆఫీసు నుంచి ఆమెకి నోట్సు పంపేవాడు. "పాత లైట్‌హౌస్. ఒక ముసలిది. ఏదో రహస్యం. నువ్వు చూడు." అంతే నోట్సు. మిగతాదంతా ఆమె చూసేది. పంటి ఆస్పత్రిలో రిసెప్షన్ పని ముగించుకుని, వచ్చే దారిలో సరుకులు కొని, పాపకి స్నానం చేయించి, ఆ ముసలిది ఎందుకు కిటికీకి నల్ల గుడ్డ కట్టుకుందో ఆలోచించేది. బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నప్పుడు ఆలోచన తెగేది కాదు, అందుకని ఆమెకి ఆ పని ఇష్టంగా కూడా ఉండేది. ఆలోచించింది ఆలోచించినట్టు రాసి, మర్యాదకి కింద ఆ వాక్యం చేర్చేది. తొమ్మిదేళ్ళలో అతను ఒక్కటంటే ఒక్కటి మార్చలేదు. ఆదివారం మధ్యాహ్నం గొంతు తగ్గించి, కళ్ళు చిన్నవి చేసి, వాళ్ళకి చెప్పేవాడు. వాళ్ళు నోరు వెళ్ళబెట్టి వినేవారు. "ఎక్కణ్ణుంచి తెస్తావయ్యా ఇవన్నీ?" అని ఇల్వా అడిగితే, "ఏమో, స్నానం చేస్తుంటే తడతాయి" అనేవాడు. ఆ స్నానాలగది తోమేది కూడా ఉల్రికాయే. అక్కడ ఆమెకి తలుపు పక్కన నాచు తప్ప ఏమీ తట్టలేదు.

మొదట్లో ఆమె కూడా బల్ల దగ్గరే కూర్చునేది. ఒక పడవ నడిపే మనిషిగా ఆడేది. పాప పుట్టాక మాటిమాటికీ లేవాల్సి వచ్చేది. "నీ పడవావిడ ప్రతి యుద్ధంలోనూ మాయమైపోతోంది, అందరికీ ఇబ్బంది. నువ్వు రాయడం చూసుకో, నీకదే హాయి" అన్నాడు స్టఫ్ఫాన్. రెండు వారాల తర్వాత పడవావిణ్ణి తుఫానులో చంపేశాడు. కథకి అవసరమట. అప్పుడు ఇంటికొచ్చిన అత్త బిర్గిత్తా కాఫీ తాగుతూ, "మావాడికి చిన్నప్పట్నుంచీ ఊహలెక్కువ. ఇంట్లో ఒక్కరైనా నేల మీద నడిచేవాళ్ళుండాలిగా, నువ్వు దొరికావు" అంది. అది మెచ్చుకోలని ఆవిడ నమ్మకం. ఆస్పత్రిలోనూ ఇదే వరస. మీటింగులో ఎవరేమన్నారో రాయాల్సి వస్తే డాక్టర్లందరూ ఒక్కసారి ఆమె వైపు తిరుగుతారు. "నీ చేతిరాత బావుంటుంది ఉల్రికా" అంటారు. అది టైపు చేయడం కదా అని ఎవరికీ తోచదు.

వసంతంలో ఊళ్ళో పెద్ద ఆటల సభ ఉంది. అక్కడ అరవైమందితో ఉప్పుదీవులు ఆడించడానికి స్టఫ్ఫాన్ ఒప్పుకున్నాడు. పోస్టరు కూడా తయారైంది. "లోకసృష్టి: స్టఫ్ఫాన్" అని పెద్ద అక్షరాలు. తన పేరు కూడా వేయించమని పోయిన వారం ఆమె అడిగింది. అడగడానికి మూడు రోజులు పట్టింది. అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వు టైపు చేశావు కదా, సరే, సహకారం అని వేయిద్దాంలే, చోటు మిగిలితే" అన్నాడు. చోటు మిగల్లేదని నిన్ననే తెలిసింది.

ఇప్పుడు అతను చేతిలో ఫోనుతో వంటింట్లోకి ఊడిపడ్డాడు. ముఖం ఎర్రబడి ఉంది.

"ఏం చేశావు నువ్వు? మొత్తం తెరిచేశావా?"

"ఫోల్డరు మీద పడింది చెయ్యి."

"తొమ్మిదేళ్ళ కష్టం! ఒక్క నొక్కుతో! నిన్నటికి తిప్పే బటనుందిగా, నొక్కు, నొక్కు ముందు!"

ఉంది ఆ బటను. నొక్కితే అర నిమిషంలో తాళాలన్నీ తిరిగి పడిపోతాయి. ఉల్రికా వేలు దాని మీదికి వెళ్ళింది కూడా. అంతలో ఇల్వా కబురు వచ్చి పడింది. ఇల్వా బస్సు డ్రైవరు, ఇవాళ పొద్దుటి డ్యూటీ.

"డిపోలో కూర్చుని గబగబా ఇరవై పేజీలు తిరగేశాను. యెర్కర్, నువ్వో మొద్దువి, రాసింది ఉల్రికా. ప్రతిదాని కిందా అదే మాట ఉంది. స్టఫ్ఫాన్, నీకు స్నానంలో తట్టింది ఏదో ఒక్కటి చూపించు బాబూ."

స్టఫ్ఫాన్ అది చదివి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు దించాడు, ముసలమ్మ రహస్యం చెప్పేటప్పటి గొంతే.

"చూడు, అవన్నీ నేను నోటితో చెబితే నువ్వు ఎక్కించావని రాసెయ్. ఆ వాక్యం మన మధ్య ఏదో సరదా అని చెప్పు. ఒక్క ముక్క, అంతే. లేకపోతే సభలో నవ్వులపాలైపోతాను ఉల్రికా. ఒక్క అబద్ధానికి నీకేం పోతుంది?"

ఏం పోతుందా అని ఆమె నిజాయితీగానే ఆలోచించింది. పోవడానికి ఏమైనా ఉందని తనకి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు, తనూ అనుకోలేదు. లైట్‌హౌస్ ముసలమ్మ ఉంది. ఉప్పు మడుల్లో చెవిటి అక్కచెల్లెళ్ళున్నారు. చనిపోయినవాళ్ళకి ఉత్తరాలు పంచే తపాలా మనిషి ఉన్నాడు, అతన్ని ఆమె చలి జ్వరంలో పడుకుని ఉండగా కనిపెట్టింది. వీళ్ళందరినీ ఇప్పుడు తన నోటితో తనవాళ్ళు కాదనాలి. ఇంతవరకూ ఆమె ఊరికే మాట్లాడకుండా ఉంది. మాట్లాడకపోవడం వేరు, కాదని చెప్పడం వేరు.

ఎదురుగా కూర్చున్న మనిషి మీద కోపం వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. పాపం అనిపించింది, అది కూడా ఎక్కువసేపు లేదు. వచ్చింది వేరేది. పొద్దుణ్ణుంచీ తొడుక్కున్న తడి బూట్లు విప్పేస్తే కాళ్ళకి ఎలా ఉంటుందో, అలా ఒళ్ళంతా తేలికపడింది. వాళ్ళు చదివేశారు. ఇక ఎవరినీ అడగక్కర్లేదు, అడగడానికి మూడు రోజులు మాటలు కూర్చుకోనక్కర్లేదు. తను జన్మలో ధైర్యం చేసి చేయలేని పనిని పిండి అంటిన వేలు ఒక నిమిషంలో చేసిపెట్టింది. ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకోలేదు.

"నవ్వుతావేంటి?" అన్నాడు స్టఫ్ఫాన్.

ఆమె నిన్నటికి తిప్పే బటను మీంచి వేలు తీసేసింది. గ్రూపు తెరిచి, నెమ్మదిగా, అక్షరదోషాలు లేకుండా రాసింది.

"తాళాలు తెరవడం నా పొరపాటు. కథలు కూడా నావే. బన్నులు పెడుతున్నాను, రెండింటికి రండి."

పంపించింది. స్టఫ్ఫాన్ ఫోను అతని చేతిలోనే టింగుమంది. చదివాడు. కోప్పడతాడనుకుంది గానీ, అతని భుజాలు మెల్లగా జారాయి. బల్ల మీది పిండి మరకని గోటితో గీరాడు.

"పోస్టరు..." అన్నాడు చివరికి.

"రేపు వాళ్ళకి నేను రాస్తాను. చోటు లేకపోతే నీ పేరు కాస్త చిన్నది చేయమంటాను."

ఫోనులో యెర్కర్ చప్పట్ల బొమ్మలు పంపుతున్నాడు. ఇల్వా ఆ తపాలా మనిషి గురించి ఏదో అడుగుతోంది. ఉల్రికా లేచి పిండిని ముద్దలు చేయడం మొదలుపెట్టింది. పొయ్యి వెచ్చదనం మోకాళ్ళకి తగులుతుంటే హాయిగా ఉంది.

"అది సరే, ఇవాళ ఏం ఆడతాం?" అన్నాడు స్టఫ్ఫాన్, చిన్నబోయిన ముఖంతో. "రహస్యాలన్నీ బయటపడిపోయాయిగా."

"నీకు తెలిసినవి బయటపడ్డాయి" అంది ఉల్రికా. "నేనింకా రాయనివి చాలా ఉన్నాయి."